రత్నకుమారి తొక్కనన్న మన్ను

రత్నకుమారికి కోపం వస్తే అరవదు. చేతిలో ఉన్న పనిని రెండింతలు వేగంగా చేస్తుంది. అంట్లు తోముతుంటే గిన్నెలు గగ్గోలు పెడతాయి, వాకిలి ఊడుస్తుంటే పక్కింటివాళ్ళు తలుపులు వేసుకుంటారు. ఈ ఏడాది నకరికల్లు దగ్గర్లోని ఆ ఊళ్ళో ఆవిడ వాకిలంత శుభ్రంగా ఉన్న వాకిలి ఇంకొకటి లేదంటే, ఆవిడ ఎంత కోపంగా ఉందో మీరే ఊహించుకోవచ్చు.

కోపం మొగుడి మీద. ఇంకా సరిగ్గా చెప్పాలంటే మొగుడి కట్టుడు పళ్ళ మీద.

మొగుడు ఆంజనేయులు కుమ్మరి. ఒకప్పుడు ఆ వీధిలో పదకొండు ఇళ్ళలో సారె తిరిగేది. ఇప్పుడు తిరిగేది ఈ ఒక్క ఇంట్లోనే. సారె మీద అతని చేయి మంచిదే, అందులో వంక పెట్టడానికి లేదు. కానీ చుట్టుపక్కల పేరు వచ్చింది చేతికి కాదు, నోటికి. ఎక్కడ గుంట తవ్వినా ఆంజనేయులు వంగి చిటికెడు మన్ను తీసి నోట్లో వేసుకునేవాడు. ముందు పళ్ళ మధ్య నలిపి, నాలుకతో అంగిటికి రాసి, ఒక్క క్షణం కళ్ళు మూసుకునేవాడు. పళ్ళ కింద కరకరమంటే ఇసుక. నాలుకకి ఉప్పగా తగిలితే చౌడు. సుద్దముక్క నాకినట్టు అంగిలి ఎండుకుపోతే సున్నపు గరుసు. ఇవేవీ లేకుండా వెన్నలా జారితేనే బండికి ఎత్తమనేవాడు. పది చోట్ల చూస్తే తొమ్మిది చోట్ల "వద్దు" అని ఉమ్మేసి వచ్చేవాడు. తండ్రి దగ్గర నేర్చుకున్న విద్య అది.

ఆ విద్య పోయిన వేసవిలో పోయింది. ఆంజనేయులు పదేళ్ళు వచ్చేదాకా వినుకొండ వైపు మేనమామ ఇంట్లో పెరిగాడు. అక్కడి బోరు నీళ్ళకి పళ్ళు గార పట్టాయి, నలభై దాటాక ఒక్కొక్కటే కదలడం మొదలుపెట్టాయి. యాభై ఆరో ఏట పేట టౌన్లో పళ్ళ డాక్టరు మిగిలిన ఏడూ పీకేసి, పైవీ కిందివీ కలిపి తెల్లటి సెట్టు కట్టాడు. ఆ సెట్టు పెట్టుకుని అద్దంలో చూసుకుంటే పెళ్ళికొడుకులా ఉన్నాడు. కాదనలేం. మటన్ ముక్క కూడా తినగలుగుతున్నాడు. అయితే పై సెట్టుకి అంగిలి మొత్తాన్ని కప్పేస్తూ గులాబిరంగు రేకు ఒకటి ఉంది. మన్ను ఇప్పుడు అంగిటికి తగలదు, ప్లాస్టిక్‌కి తగులుతుంది. పళ్ళకి వేర్లు లేవు కాబట్టి సన్నటి రవ్వ వాటి కింద పడినా చిగురుకి కబురు రాదు.

ఈ సంగతి ఆంజనేయులు ఎవరికీ చెప్పలేదు. మునుపటిలాగే వంగుతున్నాడు, నోట్లో వేసుకుంటున్నాడు, కళ్ళు మూసుకుంటున్నాడు. కాకపోతే కళ్ళు తెరిచాక ప్రతిసారీ ఒకే మాట అంటున్నాడు: "బాగుంది."

రత్నకుమారి కనిపెట్టింది అక్కడే. ముప్పై ఒక్క ఏళ్ళ కాపురంలో వరసగా నాలుగు గుంటలు బాగున్నాయని ఆ మనిషి అనగా ఆవిడ వినలేదు. పైగా బండి వెళ్ళగానే చాటుకు పోయి, సెట్టు ఊడదీసి, చెంబు నీళ్ళతో కడుక్కుంటున్నాడు. ఒకరోజు నెమ్మదిగానే అడిగింది.

"నీకు మన్ను తెలుస్తందా అయ్యా?"

"తెలవకేం? నువ్వేంది, నాకు కొత్తగా మన్ను నేర్పుతావా?"

"నేర్పటంలా. అడుగుతన్నా."

"అడగబాక. పోయి గంపలు చూసుకో."

గంపలు చూసుకోవడం, మన్ను పెళ్ళలు పగలగొట్టడం, నానబెట్టడం, జల్లించడం, కాళ్ళతో తొక్కడం, కుండలు ఎండలో తిప్పడం, కాల్చడానికి ఆవంలో పేర్చడం, ఇవన్నీ ఆవిడ పనులే. మన్ను ఎంచడం మాత్రం మగవాళ్ళది. ఆడవాళ్ళు మన్ను గుంటలో అడుగు పెట్టకూడదు. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు ఎందుకని అడిగితే, "పెడితే మన్ను అలుగుద్ది" అంది అత్తగారు. మన్ను అలిగిందో లేదో ఎవరూ చూడలేదు. రోజుకి ఆరు గంటలు ఆ మన్ను తొక్కే కోడలు అలిగిందేమోనని కూడా ఎవరూ చూడలేదు.

తొక్కేవాళ్ళకి మన్ను తెలియకుండా ఎలా ఉంటుంది? రత్నకుమారి పాదాలకి అన్నీ తెలుసు. జల్లెడలో దిగిపోయిన నువ్వుగింజంత రవ్వ కూడా మడమ కింద పడితే ఆవిడకి తెలుస్తుంది. అది ఇసుకో సున్నమో చప్పున తేలాలంటే మాత్రం నోట్లో వేసుకోవాలి. ఎవరూ లేనప్పుడు వేసుకునేది కూడా. ఈ నాలుగు గుంటల మన్నూ ఆవిడ అంగిటికి సుద్దముక్కలా తగిలింది.

అసలు కొత్త గుంటల అవసరం ఎందుకొచ్చిందంటే, చెరువులో మన్ను అయిపోయింది. తాతల కాలం నుంచి కుండలకి చెరువు మన్నే. మూడేళ్ళుగా ప్లాట్లు చదును చెయ్యడానికి ట్రాక్టర్లు వచ్చి, పైనున్న మంచి పొరంతా గీక్కుని పోయి, కింద కుండకి పనికిరాని గొగ్గినేల తేల్చాయి. ఇక కాలువ అవతల పొలాల్లో మన్నే గతి. ఆ పొలాల్లో మూడడుగుల లోతు దాటితే తెల్ల గరుసు. పల్నాట్లో నాపరాయికీ సున్నపురాయికీ ఎప్పుడు కరువు వచ్చింది గనక!

అదే ఏడాది ఆవం కూడా మారింది. పేట రోడ్డు మీద కుండ బిర్యానీ హోటలు నడిపే సుభానీ తొమ్మిదేళ్ళుగా కుండలు వీళ్ళ దగ్గరే తీసుకుంటున్నాడు. కడిగేటప్పుడు అంచులు పగులుతున్నాయని, ఇంకొంచెం గట్టి కుండలు కావాలని అడిగాడు. అప్పుడే పేటలో కుమ్మరులకి శిక్షణ పెట్టారు. నేర్పడానికి వచ్చిన హరిత మేడమ్ మంచి పిల్ల. పొగగొట్టం ఉన్న మూత ఆవం దగ్గరుండి కట్టించింది. వేడి చూపించే మీటరు ఒకటి ఇచ్చి, "మీ పాత ఆవం ఏడు వందల డిగ్రీలు దాటదు బాబాయ్, దీంట్లో తొమ్మిది వందలు తెప్పించండి, కుండ ఖంగున మోగుతుంది" అని చెప్పింది. వెళ్ళేముందు ఇంకో మాట కూడా అంది. "మన్ను మాత్రం చూసి ఎంచుకోండి. ప్రతి మన్నూ అంత వేడికి ఆగదు." ఆంజనేయులు నవ్వి తన నోరు చూపించాడు. పక్కనే గంప పట్టుకుని నిలబడ్డ రత్నకుమారికి ఒళ్ళు మండిపోయింది.

దసరాకి ముందు కాల్చిన మొదటి ఆవం అద్భుతంగా వచ్చింది. మీటరు తొమ్మిది వందల పది చూపించింది. కుండలు ఎర్రగా, నున్నగా, వేలితో కొడితే గంటలా మోగాయి. ఆంజనేయులు ఒక్కో కుండనీ మోగిస్తూ వీధంతా వినిపించాడు. వారం తిరక్కముందే సుభానీ ఒక కుండ చేత్తో పట్టుకుని బండి మీద వచ్చాడు.

"బాబాయ్, ఇదేందో చూడు. పొయ్యి మీద పెట్టకముందే రాలిపోతన్నయ్యి. కడిగి బోర్లిస్తే తెల్లారేసరికి పెచ్చులు. నిన్న ఒకాయన అన్నంలో పెంకు కొరికాడు. పన్ను ఇరిగిందని గొడవ."

కుండ పొట్ట మీద అక్కడక్కడ పావలా బిళ్ళంత పెచ్చు లేచిపోయి ఉంది. ప్రతి గుంట నడుమా ఆవగింజంత తెల్లచుక్క. రత్నకుమారి తడి వేలితో ఆ చుక్కని తాకింది. పిండిలా నలిగింది.

ఆవిడ పుట్టిల్లు పిడుగురాళ్ళ వైపు. తండ్రి కూడా కుమ్మరే, కుండలు గిట్టక సున్నపు బట్టీలో రాయి మోసే పనికి పోయాడు. చిన్నప్పుడు ఆవిడ తండ్రికి సద్ది తీసుకుపోయేది. అక్కడ కాలిన రాయిని చూసింది. కాలినా రాయి రాయిలాగే ఉంటుంది. దాని మీద కాసిని నీళ్ళు చల్లితే బుస్సున వేడెక్కి, ఉబ్బి, పగిలి, పిండైపోతుంది. కుండలో జరిగిందీ అదే. పాత ఆవమే అయితే మంట చాలక సున్నపు రవ్వ రాయిగానే పడుండేది. కొత్త ఆవం దాన్ని సున్నం చేసింది. కుండ కడిగిన నీళ్ళు, గాల్లో చెమ్మ తగలగానే అది ఉబ్బి, పైనున్న పెచ్చుని తన్నేసింది.

ఇంత తెలిసిన మనిషి నోరు మూసుకుని ఉంటుందా? ఉండలేదు. సుభానీ వెళ్ళగానే చెప్పింది.

"ఇది సున్నం చేసిన పనయ్యా. మన్నులో గరుసుంది."

"గరుసుంటే నాకు తెలవదా? సారె మీద నా వేళ్ళకి తగల్దా?"

"తగిలుద్ది. పొయ్యి మీద పగలకుండా నువ్వే ఇసుక కలుపుతావు గదా, అదే అనుకుంటావు."

"సున్నం కాల్చే ఊళ్ళో పుట్టి నాకు మన్ను గురించి చెప్తన్నావా! కట్టె పచ్చిది. పత్తికట్టె సరిగ్గా ఎండలా. అదీ సంగతి."

కట్టెకి నోరు లేదు కాబట్టి నిందంతా మోసింది. రత్నకుమారి ఆ సాయంత్రం వాకిలి రెండుసార్లు ఊడ్చింది.

ఆవిడ భయం ఒక్కటే. సుభానీ హోటలు తప్పితే ఈ ఇంట్లో కుండకి వేరే కొనేవాళ్ళు లేరు. ఆ హోటలు చేజారితే ఆవం ఆరిపోతుంది. ఆరిపోతే ఆంజనేయులు ఏ అపార్టుమెంటు గేటు దగ్గరో కుర్చీ వేసుక్కూర్చుంటాడు. ఆవిడకి మిగిలేది మిరపకాయల తొడిమలు తీసే షెడ్డు. సుభానీ రాకముందు రెండు సీజన్లు పోయింది అక్కడికి. వేళ్ళు భగభగ మండేవి, ముక్కులోంచి నీళ్ళు కారుతూనే ఉండేవి, ఇంటికొచ్చాక సబ్బుతో నాలుగుసార్లు కడుక్కున్నా మొహం మీద చెయ్యి వేసుకోవడానికి లేదు. మన్ను తొక్కితే నడుం నొప్పి పుడుతుంది, అంతే. మన్ను కరవదు. ఆవిడకి ఈ పని కావాలి. ఎవరి పేరు నిలబెట్టడానికో కాదు, తనకి కావాలి.

అందుకే రెండో ఆవం అప్పుడు ఒక తెలివితక్కువ పని చేసింది. తెలివనుకునే చేసింది. ఆంజనేయులు భోజనానికి లేచిన గంటసేపు పొయ్యి నోట్లో కట్టె వెయ్యకుండా కూర్చుంది. మీటరు ఏడు వందల ఇరవై దగ్గర ఆగిపోయింది. అతను తిరిగొచ్చి ఎంత ఎగదోసినా ఏడు వందల యాభై దాటలేదు, కట్టె అయిపోయింది. కుండలు బయటికి వచ్చాయి. వారం గడిచినా ఒక్క పెచ్చు లేవలేదు. రత్నకుమారి లోలోపల మురిసిపోయింది. అప్పుడు హోటల్లో వంట చూసుకునే సుభానీ తల్లి జుబేదా స్వయంగా ఆటోలో దిగింది.

"ఏం రత్నా, ఇవి కుండలేనా? గిన్నెల పిల్ల పీచు పట్టుకుంటే అంచు ఊడి చేతికొస్తంది. మసాలా అంతా కుండే తాగేసి, కడిగినా మూడు రోజులు వాసన పోటంలా. ఇట్టయితే మా వాడు మిషన్ కుండలు తెప్పిస్తానంటన్నాడు. లారీలో వచ్చి ఇంటి ముందు దింపుతారంట. రంజాన్‌కి రెండొందలు కావాలి. ఇంకొక్కసారి చూస్తాం. అంతే."

ఆంజనేయులు మళ్ళీ కట్టెని తిట్టాడు. రత్నకుమారికి సంగతి తేలిపోయింది. మంట తగ్గిస్తే పెచ్చు లేవదు గానీ కుండ గట్టిపడదు, మంట పెంచితే కుండ గట్టిపడుతుంది గానీ మన్నులో సున్నం దాన్ని పగలగొడుతుంది. ఇక మన్ను మారాలి, వేరే దారి లేదు. ఆ మాట చెప్పాలంటే తను కట్టె ఆపిన సంగతి కూడా చెప్పాలి. నాలుగు రోజులు నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

ఐదో రోజు, వీళ్ళకి మన్ను తోలే తౌఫీక్ ట్రాక్టరు ఇంటి ముందు మన్ను దింపింది. అది కూడా కాలువ అవతలి పొలం మన్నే. ఆంజనేయులు ఇంజను పక్కన నడిచి వచ్చాడు, మొహం వెలిగిపోతోంది.

"చూడవే, ఎట్టుందో! నేను చూసిన మన్నులో ఇదీ మన్నంటే."

రత్నకుమారి కుప్ప దగ్గరికి పోయి, ఒక పెళ్ళ విరిచి, తౌఫీక్ చూస్తుండగా, మొగుడు చూస్తుండగా, చిటికెడు తీసి నోట్లో వేసుకుంది. నలిపింది. అంగిటికి రాసింది. ఉమ్మేసింది.

"సున్నం" అంది.

వీధిలో అంతమంది లేరు. తౌఫీకూ, ఎదురింటి అరుగు మీద ఇద్దరు ముసలివాళ్ళూ. ఆంజనేయులుకి మాత్రం తిరనాళ్ళ జనం మధ్య చొక్కా ఊడదీసినట్టు అయింది.

"నోరు కడుక్కుని లోపలికి పోవే."

"పోతా. ఈ మన్ను మాత్రం నేను తొక్కను."

"ఏందీ?"

"తొక్కను. నీకు బాగుంటే నువ్వే తొక్కు."

గొంతు పెద్దది చెయ్యలేదు. చెంబు తీసుకుని నోరు పుక్కిలించి లోపలికి వెళ్ళి బియ్యం ఏరుకోవడం మొదలుపెట్టింది. రాళ్ళతో పాటు గింజలు కూడా ఏరి పారేస్తోంది.

రెండు రోజులు కుప్ప అలాగే ఉంది. ఆంజనేయులు కూలికి మనుషుల్ని అడిగాడు. మన్ను తొక్కడానికి ఈ రోజుల్లో ఎవరొస్తారు? మూడో రోజు పొద్దున్నే పంచె ఎగ్గట్టి, మన్ను పరిచి, నీళ్ళు పోసి, తనే దిగాడు. చిన్నప్పుడు తల్లి తొక్కుతుంటే చూశాడు, పెళ్ళయ్యాక పెళ్ళాం తొక్కుతుంటే చూశాడు. తను ఎప్పుడూ తొక్కలేదు. మోకాళ్ళు కటకటమంటున్నాయి. పావుగంటకే గోడ పట్టుకున్నాడు. రత్నకుమారి చేట అడ్డం పెట్టుకుని చూస్తోంది. జాలి వేసింది, ఆ జాలి మీద కూడా కోపం వచ్చింది.

గంట దాటాక ఆంజనేయులు ఆగాడు. కుడి పాదం ఎత్తి అరికాలు చూసుకున్నాడు. మళ్ళీ నాలుగడుగులు తొక్కాడు, మళ్ళీ ఆగాడు. ఎప్పుడూ చెప్పులేసుకుని తిరిగే మెత్తటి పాదాలు. వాటికి ప్రతి రవ్వా ముల్లులా దిగుతోంది. వంగి, వేళ్ళ సందులోంచి ఒక రవ్వ తీసి, గోటితో నొక్కాడు. ఇసుకైతే నలగదు. అది తెల్లగా నలిగింది. ఇంకో చోటి నుంచి ఇంకోటి తీశాడు. అదీ అంతే. ఇసుక ఇంకా కలపలేదు, నెపం పెట్టడానికి అది కూడా లేదు.

మన్నులోంచి బయటికొచ్చి, ఇంటివైపు వీపు పెట్టి అరుగు మీద కూర్చున్నాడు. రత్నకుమారి కాళ్ళకి నీళ్ళు తెచ్చి పక్కన పెట్టింది.

"ఎప్పటి నించి తెలుసు నీకు?" అన్నాడు, అటే చూస్తూ.

"నువ్వు పళ్ళు కట్టించుకున్న కాడ్నించి."

"గట్టిగా చెప్పలేకపోయావా?"

రత్నకుమారికి తల తిరిగిపోయింది. ఎనిమిది నెలలుగా మెత్తగా, మామూలుగా, గట్టిగా, గిన్నెలతో, చీపురుతో చెప్తూనే ఉంది. ఇంకా ఎలా చెప్పాలి? "చెప్పా. నువ్వు పోయి గంపలు చూసుకోమన్నావు" అంది. ఎలాగూ మొదలైంది కదా అని దాచిందీ చెప్పేసింది. "రెండో ఆవంలో కట్టె ఆపింది కూడా నేనే. పెచ్చులు లేవకుండా ఉంటయ్యనుకున్నా. తప్పు నాదే."

ఆంజనేయులు గిరుక్కున తిరిగాడు. "నువ్వా? నా ఆవం నువ్వు చెడగొట్టావా?" అని లేచి, ఆ పూట అన్నం తినకుండా బజారుకి పోయాడు. తన నోటి సంగతి మాత్రం ఎత్తలేదు. రత్నకుమారి కూడా తినలేదు. మన్నంతా పారతో ఎత్తి రోడ్డు పక్క గుంటలో పోసింది. ఏడుపు వచ్చింది, ఏడ్చింది, పోస్తూనే ఉంది.

మర్నాడు పొద్దున తౌఫీక్ ట్రాక్టరు వచ్చి ఆగింది. ఆంజనేయులు ఇంజను పక్క సీటు మీద కూర్చుని, ఇంటివైపు చూడకుండా, "ఎక్కు" అన్నాడు. ఎవరిని అన్నాడో తౌఫీక్‌కి అర్థం కాలేదు. రత్నకుమారికి అర్థమైంది. వెనక ట్రక్కులో పార పక్కన కూర్చుంది.

మొదటి గుంట దగ్గర ఆవిడ అంచున ఆగింది. ముప్పై ఒక్క ఏళ్ళలో ఒక్కసారి కూడా దిగలేదు. ఆంజనేయులు చెయ్యి పట్టుకుని దింపలేదు, వద్దని కూడా అనలేదు. కుచ్చిళ్ళు దోపుకుని తనే దిగింది. చిటికెడు తీసి చూసి "వద్దు" అంది. తౌఫీక్ ఆంజనేయులు వైపు చూశాడు.

"వద్దంటంది గదా. బండి తిప్పు" అన్నాడు ఆంజనేయులు.

రెండో చోటా వద్దంది. మూడో చోట చౌడు. నాలుగో చోటికి పోయేసరికి తౌఫీక్ డీజిలు గురించి గొణగడం మొదలుపెట్టాడు. చివరికి ఎండన పడి పాత చెరువుకే వచ్చారు. తూము కింద, జమ్ము పెరిగి ట్రాక్టరు దిగలేని మూల ఒకటి మిగిలింది. రత్నకుమారి మోకాళ్ళ లోతు బురదలో దిగి, జమ్ము వేర్ల కింద నుంచి పిడికెడు తీసింది. నోట్లో వేసుకుంది. వెన్నలా జారింది. చాలాసేపు ఉమ్మలేదు.

"ఇది" అంది.

గంపలతో మొయ్యడానికి ఇద్దరికీ నాలుగు రోజులు పట్టింది. ఈసారి తొక్కింది ఆవిడే. కాల్చేటప్పుడు మీటరు ముందు ఇద్దరూ కూర్చున్నారు. తొమ్మిది వందలు తాకేదాకా అతను కట్టె వేశాడు, ఆవిడ అందించింది. కుండలు దింపాక వాటి మీద నీళ్ళు చల్లి వాకిట్లో పరిచింది. ఎనిమిది రోజులు పొద్దున లేవగానే ఒక్కో కుండా తిప్పి చూసింది. పెచ్చు లేవలేదు. అంచు మోగింది. కానీ కుండలు నూట నలభైయే అయ్యాయి. ఆ లోపల రంజాన్ నెల మొదలై ఐదు రోజులైంది.

గంపల్లో పేర్చి ఆటోలో వేసుకుని పోయేసరికి హోటలు ముందు మిషన్ కుండలు ఒక దొంతర అప్పటికే దిగి ఉన్నాయి. సుభానీ వచ్చాడు. ఆంజనేయులు కుండ ఒకటి తీసి, వేలితో కొట్టి, తిప్పి చూపించి, రాత్రంతా నీళ్ళలో నానబెట్టిన ఇంకో కుండని గోటితో గీరాడు. జుబేదా కూడా లోపలి నుంచి వచ్చి తడిమింది.

"మంచియ్యే తెచ్చారు" అన్నాడు సుభానీ. "అయ్యి అరవై తెప్పించాన్లే, ఏం చేసేది, నువ్వు రాలేదు. ఇయ్యన్నీ దింపెయ్. నీ నోరు నోరే బాబాయ్! మళ్ళీ లైన్లో పడ్డావు."

రత్నకుమారి ఆటోలోంచి కుండలు దింపుతోంది. ఆ మాట వినగానే చేతుల్లో వేగం పెరిగింది. కుండకి కుండ తగిలి మోగుతున్నాయి. అదే ఊపున ఇంకొక్కటి పెడితే పగిలేదే.

"నేను చూళ్ళా" అన్నాడు ఆంజనేయులు.

"ఏంది బాబాయ్?"

"ఈ మన్ను నేను చూళ్ళేదురా. పళ్ళు కట్టించుకున్నాక నాకు తెలవటం మానేసింది. తెలిసినట్టు చేస్తా వచ్చా. మీ అన్నంలో పడ్డ పెంకు నా మూలానే. ఇది చూసింది మా ఇంటిది."

ఈ మాట వింటే చల్లబడతానని రత్నకుమారి ఇన్నాళ్ళూ అనుకుంది. చల్లబడలేదు. ఎంత తేలికైన మాట! చెప్పడానికి గుక్కెడు ఊపిరి చాలింది. దానికోసం రెండుసార్లు కాల్చిన కుండలు, హోటలు బేరంలో కొంత, ఎనిమిది నెలల నిద్ర పోయాయి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అది సంతోషమని ఎవరైనా అనుకుంటారేమోనని ఇంకా మంటగా ఉంది.

"ఈ ముక్క దసరాకి చెప్పలేకపోయావా అయ్యా?" అంది అందరి ముందూ.

సుభానీ ఇద్దర్నీ చూశాడు. తొమ్మిదేళ్ళుగా ఆర్డరు చెప్పేటప్పుడు అతని మొహం ఆంజనేయులు వైపే ఉండేది. ఈసారి ఆవిడ వైపు తిరిగాడు.

"అయితే పిన్నీ, పండగ లోపల ఇంకో వంద ఇస్తావా? ఇస్తానంటే ఇక లారీ వాడికి ఫోను చెయ్యను."

తూము కింద మూల ఆవిడ కళ్ళ ముందు కదిలింది. జమ్ము వేర్ల కింద మిగిలింది నాలుగు గంపలు, మహా అయితే ఐదు.

"నలభై ఇస్తా. అంతకంటే మన్ను లేదు."

"ఆ తరవాతో?"

"ఎతుకుతా. దొరికితే దొరికిందని చెప్తా, దొరక్కపోతే లేదని చెప్తా. మంచి మన్ను కాకపోతే బాగుందని మాత్రం చెప్పను. ఆ లారీ వాడి నంబరు తీసెయ్యబాక."

సుభానీ నలభై అని రాసుకున్నాడు. ఆంజనేయులు వంగి ఖాళీ గంపలు ఆటోలోకి ఎత్తాడు.